మొహమాటం మింగిన పాటలు

ఈ మధ్య మా చర్చిలో కొత్తగా ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలు నలుగురు నన్ను చుట్టుముట్టారు. "ఆంటీ, మీరు అన్నేళ్లు సర్వర్లు చూసుకున్నారు కదా, మాకేమైనా చెప్పండి" అన్నారు. ఏ కోర్సు చేస్తే మంచిది, ఏ సర్టిఫికేషన్ ఉంటే ఇంటర్వ్యూకి పిలుస్తారు, అదీ వాళ్లకు కావలసింది. ఆ సంగతులు నాకు తెలియవు నాయనా అన్నాను. నేను నేర్చుకున్న యంత్రాల్లో సగం ఇప్పుడు తుక్కు కింద కూడా ఎవరూ తీసుకోరు. పిల్లల మొహాలు చిన్నబోయాయి. అందుకని ఇంటికొచ్చి ఇది రాయడానికి కూర్చున్నాను.

నా ఉద్యోగం ఏమిటో ముందు చెబుతాను. వెబ్‌సైట్లు, మెయిళ్లు, వాటి ఫైళ్లు అన్నీ ఎక్కడో ఒక యంత్రంలో ఉంటాయి. దాన్నే సర్వర్ అంటారు. అది నడుస్తున్నంత కాలం దాన్ని చూసుకునే మనిషిని ఎవరూ పలకరించరు. ఆగిపోయిన రోజున మాత్రం పెళ్లికూతురి చుట్టూ మూగినట్టు మూగుతారు. మొదట కనాటా అనే ఊళ్లో ఒక టెలికం కంపెనీలోనూ, మా ఆయన ఉద్యోగం కోసం సస్కటూన్ వచ్చాక ఇక్కడ ఒక విత్తనాల కంపెనీలోనూ, రిటైరయ్యేదాకా ఇదే పని చేశాను. ఇష్టంగా చేశాను. పోయిందనుకున్న సైటు మళ్లీ తెర మీద కనబడినప్పుడు కలిగే సంతోషం ఉందే, దానికి నేను ఈ రోజుకీ దాసురాలిని.

ప్రమోషన్ల సంగతి వదిలేద్దాం. అవి ఎవరికి ఎందుకు వస్తాయో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఇద్దరు బాసుల గురించి, మా చర్చి వెబ్‌సైటు గురించి మాత్రం చెబుతాను. చర్చి సైటు పని నేను రిటైరయ్యాక మీద పడింది. అయినా ఉద్యోగంలో ఉండగా నేర్చుకోవలసింది ఒకటి అక్కడే నేర్చుకున్నాను.

చేతులు ఒళ్లో పెట్టుకోండి

కనాటాలో నా మొదటి బాసు పేరు గ్లెన్. తాటిచెట్టంత మనిషి, మాట మాత్రం మెల్లగా ఉండేది. నేను చేరిన మొదటి చలికాలంలో ఒక రోజు పొద్దున్నే కంపెనీ మెయిల్ మొత్తం ఆగిపోయింది. మేం ఐదుగురం ఒకే గదిలో ఐదు కీబోర్డుల మీద టకటకలాడిస్తున్నాం. ఒకరు బాగుచేసింది ఇంకొకరు చెడగొడుతున్నారు. గ్లెన్ బూట్ల మంచు కూడా దులుపుకోకుండా లోపలికి వచ్చాడు.

"అందరూ చేతులు ఒళ్లో పెట్టుకోండి" అన్నాడు.

బడిపిల్లల్లా పెట్టుకున్నాం. నాకు నవ్వాగలేదు. అప్పుడు అడిగాడు: "నిన్నటి నుంచి ఎవరెవరు ఏమేం ముట్టుకున్నారు? ఎంత చిన్నదైనా చెప్పండి. చెప్పినవాళ్లని ఈ గదిలో ఎవరూ ఏమీ అనరు."

 మూల కూర్చున్నాయన చెయ్యెత్తాడు. ముందురోజు ఇంటికెళ్లే తొందరలో ఒక్క లైను మార్చాడట. ఆ లైను వెనక్కి మార్చగానే మెయిల్ బతికింది. గ్లెన్ ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు, ఆయనకి తనే కాఫీ తెచ్చి ఇచ్చాడు. ఏదైనా చెడిపోయినప్పుడు ముందు చేతులు కట్టుకోవాలనీ, ఆ తర్వాత అడగాలనీ నాకు ఆ రోజు బుర్రకెక్కింది. మీరూ ఎక్కించుకోండి. కంగారులో చేసిన రిపేరు అసలు రోగం కన్నా ఎక్కువ ప్రాణం తీస్తుంది.

సస్కటూన్‌లో నా మీద వచ్చిన బాసు ఇంకో రకం. పేరెందుకులెండి. ఏది చెడినా ఆయన నోట మొదట వచ్చే మాట "ఎవరిది తప్పు?" ఆయన హయాంలో మా ఆఫీసులో ఎవరూ ఏ పనీ చేసేవారు కాదు, పనులన్నీ వాటంతటవే జరిగేవి. ఫైళ్లు వాటంతటవే మాయమయ్యేవి, పాస్‌వర్డులు వాటంతటవే మారేవి. అరగంటలో తేలాల్సిన సంగతి మూడు రోజులకి తేలేది. మనిషి తెలివితక్కువవాడు కాదు, చాలా చదువుకున్నవాడు. కానీ ఎదుటివాళ్లు నోరు విప్పేలా అడగడం రాదు. అది రానివాడు ఈ పనికి పనికిరాడు, నా మాట నమ్మండి.

కొంచెం ప్రాబ్లెం

పోయిన మార్చిలో ఒక మధ్యాహ్నం శిరీష ఫోన్ చేసింది. ఇక్కడి యూనివర్సిటీలో పప్పుధాన్యాల మీద రీసెర్చ్ చేస్తున్న అమ్మాయి. మా తెలుగు చర్చి సంఘం వెబ్‌సైట్‌లో పాటలు పెట్టే పని తనది.

"వందనాలు ఆంటీ. బిజీగా ఉన్నారా?"

"రిటైరైనదాన్ని, నాకు బిజీ ఏంటే. చెప్పు."

"ఏం లేదాంటీ, మన సైట్‌లో కొంచెం ప్రాబ్లెం."

మనవాళ్లు కొంచెం అన్నారంటే కొంప మునిగిందని అర్థం. ఏం లేదు అని మొదలుపెట్టారంటే మునిగి చాలా రోజులైందని అర్థం.

"ఎంత కొంచెం?" అన్నాను.

"రూతమ్మగారి పాటలు కనబడట్లేదు ఆంటీ."

"ఎన్ని?"

"అన్నీ."

చేతిలో పని పక్కన పెట్టేశాను. ఎందుకో చెప్పాలంటే రూతమ్మగారెవరో చెప్పాలి. నరసాపురం దగ్గరి మనిషి. నర్సుగా వచ్చి, ఇక్కడి ఆసుపత్రిలో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరయ్యారు. నాకన్నా పదేళ్లు పెద్ద, నేను అక్కా అని పిలుస్తాను. ఆవిడ భక్తి పాటలు కడతారు. పప్పు పొయ్యి మీద పెట్టి, అది ఉడికేలోగా చరణం కట్టేస్తారు. స్వరాలు రాయడం రాదు. మాటలు కాగితం మీద ఉంటాయి, రాగం గొంతులోనే ఉంటుంది. ఆవిడ పాడితే శిరీష ఫోన్‌లో రికార్డు చేసి సైట్‌లో పెట్టేది. నలభై పైచిలుకు పాటలు. కొన్నింట్లో వెనక కుక్కర్ విజిల్ కూడా వినబడుతుంది. దూరపు చిన్న ఊళ్లలో వృద్ధుల కేర్‌హోముల్లో షిఫ్టులు చేస్తూ ఆదివారం ఆరాధనకి రాలేని మన ఆడపిల్లలు కార్లో ఆ పాటలే వింటూ డ్యూటీకి వెళ్తారు.

అంతకుముందు ఆకులు రాలే రోజుల్లో ఆవిడకి గొంతు ఆపరేషన్ అయింది. గడ్డ తీసేశారు, భయం లేదన్నారు, దేవుడి దయవల్ల మనిషి కోలుకున్నారు. గొంతు మాత్రం బొంగురుపోయింది. మాట్లాడతారు, తిడతారు, పాడరు. ఆరాధనలో అందరం పాడుతుంటే పెదవులైనా కదపకుండా కూర్చుంటారు. కొత్త పాట కట్టండక్కా అని నేనే ఒకసారి అడిగాను. "నా పాటలయిపోయాయి విమలా, ఉన్నవి పాడుకోండి" అన్నారు.

ఇప్పుడా ఉన్నవే లేవు. ఆ రాగాల్లో మాకందరికీ కలిపి ఏడెనిమిది వస్తాయేమో. మిగతావి ఆ రికార్డింగుల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేవు.

"నీ ఫోన్‌లో ఉంటాయిగా?" అన్నాను.

"సైట్‌లో ఉన్నాయి కదా అని డిలీట్ చేసేశా ఆంటీ."

"రూతమ్మగారికి తెలుసా?"

"లేదాంటీ. ఎలా చెప్పమంటారు?"

ముగ్గురూ మంచివాళ్లే

ఆ సైట్‌కి కాపలా ముగ్గురు. మొదటివాడు కిశోర్. హైదరాబాదు అబ్బాయి, అమెరికాలో కొన్నేళ్లు చేసి ఇటు వచ్చాడు. సైటు కట్టింది అతనే. రెండోది శిరీష. మూడోవారు జాన్ గారు, సంఘపెద్ద, తెనాలిలో బ్యాంకు పని చేసి రిటైరై కొడుకు దగ్గరికి వచ్చినాయన. ఆయనకి సైటుతో పనేమిటంటే, పెద్దాయనకి పాస్‌వర్డు ఇవ్వకపోతే బాగుండదని కిశోర్ ఇచ్చాడు. ముగ్గురిదీ ఒకటే పాస్‌వర్డు. నా ఉద్యోగంలో ఎవరైనా ఆ పని చేసి ఉంటే చెవి మెలిపెట్టేదాన్ని.

కిశోర్ కొత్త డిజైన్ ఒకటి పక్క ఫోల్డర్‌లో తయారుచేసుకుని, అంతా బాగుందనుకున్నాక అక్కడి నుంచి అసలు ఫోల్డర్‌లోకి మార్చాడు. ఇది ఇల్లు మారడం లాంటిదే. సామానంతా మోసుకెళ్తాం, పోస్టాఫీసులో కొత్త అడ్రసు చెప్పడం మర్చిపోతాం. సైటు లోపల ప్రతి పాటకీ దాని ఫైలు ఏ ఫోల్డర్‌లో ఉందో రాసి ఉంటుంది. ఫైళ్లు కదిలాయి, ఆ రాత కదల్లేదు. పేజీ తెరుచుకుంటుంది, పాట మోగదు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే ప్రతివాళ్లూ ఒకసారి ఈ గుంటలో పడతారు. ఒక పూట పని. నేను కూడా చెంగు బిగించి అలాగే దిగాను. తీరా చూస్తే ఫైళ్లు పాత చోటైన పక్క ఫోల్డర్‌లోనూ లేవు, కొత్త చోటైన అసలు ఫోల్డర్‌లోనూ లేవు.

సర్వర్‌ని అద్దెకిచ్చే హోస్టింగ్ కంపెనీవాళ్లు రోజూ ఒక నకలు తీసి పెడతారు, కానీ వారం దాటితే పారేస్తారు. పాటలు ఎప్పటి నుంచి లేవు అని శిరీషని అడిగాను. రెండు వారాలైందంది.

"రెండు వారాలు ఏం చేశారే మీరంతా?"

"కిశోర్ అన్న సెలవంతా కూర్చుని చేశాడు కదాంటీ, చెప్తే ఫీలవుతాడని..."

నాకు ఒళ్లు మండింది. రెండు వారాలు మర్యాదకి పోయాయి, దాంతో నకళ్లూ పోయాయి.

గ్లెన్ నేర్పిన ప్రశ్న పట్టుకుని ముగ్గురికీ ఫోన్ చేశాను. ఏమైనా ముట్టుకున్నారా, ఎంత చిన్నదైనా చెప్పండి, ఎవరూ ఏమీ అనరు. కిశోర్ "మూవ్ చేశా ఆంటీ, చెక్ చేశా, అన్నీ ప్లే అయినయి. ఆ తర్వాత నేనేం ముట్టలే" అన్నాడు. శిరీష "నేను అప్‌లోడ్ తప్ప ఏం చేయనాంటీ, హోస్టింగ్ వాళ్ల వల్లే ఏదో అయ్యుంటుంది" అంది. జాన్ గారు మరీనూ. "అబ్బే, నాకేం తెలుసమ్మా విమలా, ఆ కంప్యూటర్ సంగతులు! పిల్లల్ని గట్టిగా అడక్కమ్మా, చిన్నబుచ్చుకుంటారు. ప్రార్థన చేద్దాం."

"మీరు చెయ్యండి జాన్ గారూ, నేను లాగ్ చూస్తాను" అన్నాను.

లాగ్ అంటే, తన దగ్గరికి ఎవరొచ్చారో ఏం చేశారో సర్వర్ రాసుకునే చిట్టా. పాస్‌వర్డు ఒకటే కాబట్టి ముగ్గురూ ఒక్క మనిషిలాగే ఉన్నారు అందులో. అయినా కథ కనబడింది. ఒక దశలో పాటల ఫోల్డర్లు రెండున్నాయి, అచ్చం ఒకేలాంటివి. ఒకే రోజున, ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం, రెండూ తీసేశారు. కానీ సాయంత్రం తీసేసినవాళ్లు, తీసేసేముందు ఆ ఫోల్డర్ మొత్తాన్ని తమ కంప్యూటర్‌లోకి దించుకున్నారు.

అది చూసి కుర్చీలోంచి లేచి గంతేశాను. మా ఆయన టీవీ దగ్గర్నుంచి "ఏమైందే?" అని అరిచాడు. "పాటలు బతికే ఉన్నాయి!" అని నేనూ అరిచాను.

బతికే ఉన్నాయి, ముగ్గురిలో ఎవరింట్లోనో. ముగ్గురూ ఏమీ ముట్టుకోలేదని నాకు చెప్పేశారు. ముగ్గురి ఇళ్ల ఇంటర్నెట్ నంబర్లు తెప్పించి లాగ్‌తో సరిచూస్తే తేలిపోయేది. కానీ అది పోలీసు పని. అలా చేస్తే పాటలు దొరుకుతాయి, మర్నాటి నుంచి ఒకరు చర్చికి రావడం మానేస్తారు. మా సంఘమే పిడికెడు. ఒక్కరు తగ్గినా తెలుస్తుంది.

ప్రశ్న మార్చాను

ఉల్లిపాయలు తరుగుతుండగా తట్టింది నాకు. గ్లెన్ ప్రశ్న గ్లెన్ మనుషులకి సరిపోయింది. మనవాళ్లని "ఏం ముట్టుకున్నావు" అంటే, నువ్వెంత మెత్తగా అడుగు, "ఎవరిది తప్పు" అన్నట్టే వినబడుతుంది. పైగా ఈ ముగ్గురిలో ఎవరూ తమని తాము కాపాడుకోవట్లేదు. ఒకర్నొకరు కాపాడుకుంటున్నారు. అలాంటివాళ్లని ఏ ధైర్యం చెప్పి మాట్లాడిస్తాం?

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గుర్నీ భోజనానికి పిలిచాను. కోడికూర, పలావు, పెరుగుపచ్చడి. జాన్ గారికి కారం తక్కువగా విడిగా చేశాను. వడ్డిస్తూ వడ్డిస్తూ అన్నాను.

"ఇంతకీ ఈ సైటు కోసం మీ ముగ్గురూ చాలా కష్టపడ్డారని విన్నాను. ఎవరెవరు ఏమేం సాయం చేశారో చెప్పండి, వచ్చే ఆదివారం సంఘంలో కృతజ్ఞతలు చెప్పాలి."

 మా మనుషులు ఎప్పుడూ చేసేదే చేశారు. తమ సాయం కాదు, పక్కవాళ్ల సాయం చెప్పడం మొదలుపెట్టారు.

"శిరీష చాలా చేసింది ఆంటీ" అన్నాడు కిశోర్.

"లేదన్నా, నేనేం చేశా! కొత్త డిజైన్ పెట్టిన ఫస్ట్ వీక్‌లో పాటలు ప్లే కాలేదు కదా, నువ్వు అలిసిపోయుంటావని ఫైల్స్‌ని తీసి పాత ఫోల్డర్‌లో పెట్టేశా, అంతే."

కిశోర్ చేతిలో కోడికాలు అలాగే ఆగిపోయింది. "పాత ఫోల్డర్‌ల పెట్టింది నువ్వా? నేనే మర్చిపోయి అక్కడ వదిలేసిన అనుకున్న! నేను అడ్రస్‌లన్నీ కొత్త ఫోల్డర్‌కి మార్చిన, ఫైల్స్ కూడా ఇంకో కాపీ తెచ్చి కొత్త ఫోల్డర్‌ల పెట్టిన."

"అవునా! కొత్త ఫోల్డర్‌లో మళ్లీ కనబడ్డాయి, అన్న చేసేశాడు కదా అని నేను పెట్టినవి ఒకరోజు పొద్దున్నే తీసేశా."

"ఇంక నయం" అన్నాను. "అయితే కొత్త ఫోల్డర్‌వి ఉండాలిగా?"

జాన్ గారు గ్లాసు కింద పెట్టారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"అమ్మా, నేను కూడా ఒక చిన్న సాయం చేశాను. చెప్పకూడదనుకున్నాను, గొప్పలు చెప్పుకున్నట్టుంటుందని. ఆ కంపెనీవాళ్లు జాగా నిండిపోతోందని మెయిల్ పెట్టారు. వెళ్లి చూస్తే ఒకే పాటలు రెండు చోట్ల ఉన్నాయి. పిల్లలకి చెప్తే వాళ్ల పని సరిగా లేదన్నట్టు ఉంటుందని, నేనే మర్నాడు సాయంత్రం కూర్చుని ఒక ఫోల్డర్ తీసేశాను. రెండోది ఉంది కదా!"

రెండోది ఆయన చూసిన మర్నాటి పొద్దున్నే పోయింది. ఎక్కువైనది ఒక్కటే, ఇద్దరూ చెరొకటి తీసేశారు. ఈ ముగ్గురిలో ఒక్కరు ఒక్కసారి ఫోన్ ఎత్తి ఉంటే ఏమీ అయ్యేది కాదు. అంత ప్రేమ ఒకరంటే ఒకరికి!

శిరీష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కిశోర్ పైకి చూస్తున్నాడు. నేను మాత్రం పలావు గరిటె పట్టుకుని, గొంతులో తొందర కనబడకుండా అడిగాను. "తీసేసేముందు ఏమైనా జాగ్రత్త చేశారా జాన్ గారూ?"

"చెయ్యనా! బ్యాంకులో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ని. నకలు లేకుండా కాగితం చింపుతానా? పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను."

"అదెక్కడుంది?"

ఆయన పక్క కుర్చీలో ఉన్న బైబిలు తీశారు. మన పెద్దవాళ్ల బైబిళ్లు చూశారుగా, చుట్టూ జిప్ ఉన్న తోలు కవరు, అందులో కానుక కవర్లు, కళ్లజోడు గుడ్డ, మనవల ఫోటోలు, బీపీ మాత్రలు. ఆ జిప్ బర్రుమని తీసి, లోపలి అరలోంచి నల్లటి పెన్‌డ్రైవ్ తీసి నా చేతిలో పెట్టారు. రెండు వారాలుగా ప్రతి ఆదివారం మా ముందు వరసలోనే కూర్చుంటోంది అది.

"బైబిలైతే ఎక్కడా మర్చిపోను కదమ్మా" అన్నారు.

నేను నవ్వడం మొదలుపెట్టాను. శిరీష ఏడుస్తూ నవ్వింది. కిశోర్ లేచి జాన్ గారిని కౌగిలించుకున్నాడు, ఆయన చొక్కాకి కూర అంటింది కూడా. ఎందుకు కౌగిలించుకున్నాడో ఆయనకి అర్థం కావడానికి ఇంకాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ఆయనా నవ్వారు, కొంచెం సిగ్గుపడ్డారు, ఇంకో ముక్క వేయించుకున్నారు.

భోజనాలయ్యాక అదే బల్ల మీద పని మొదలుపెట్టాం. కిశోర్ కీబోర్డు మీద, నేను పక్కన, ముందుగా ఉన్నదాన్ని ఉన్నట్టు నకలు తీయించాను. తర్వాత ఫైళ్లు ఎక్కించాం. లోపలి పేజీలు కొన్ని తెరుచుకోలేదు. పేరు ముందు చుక్క ఉన్న ఫైలొకటి ఉంటుంది, మామూలుగా చూస్తే కనబడదు, ఫోల్డర్లు మార్చేటప్పుడు వెనకే ఉండిపోతుంది. సైటు లోపల దారులు చూపేది అదే. దాన్ని వెతికి తెచ్చి పెడితే పేజీలన్నీ తలుపులు తీశాయి. ఆ చుక్క ఫైలుని మాత్రం మర్చిపోకండి పిల్లలూ, మిగతా సలహాలన్నీ మర్చిపోయినా సరే.

ఒక్కొక్క పాటా నొక్కి విన్నాం. కుక్కర్ విజిళ్లతో సహా వచ్చాయి. చిట్టచివరిది మాత్రం సగంలో టక్కున ఆగిపోయింది.

జాన్ గారు తల పట్టుకున్నారు. "అది దిగుతుంటే కోడలు అన్నానికి పిలిచిందమ్మా. లాప్‌టాప్ మూత మూసేసి వెళ్లాను, వచ్చాక అంతా దిగిందనుకున్నాను."

చివరి పాట

ఆ చివరిది రూతమ్మగారు ఆపరేషన్‌కి ముందు కట్టిన ఆఖరి పాట. "మంచు కింద నిద్రపోయే విత్తనాన్ని మరువని దేవా" అని మొదలవుతుంది. ఇక్కడి పొలాలు చూసి కట్టారు. చర్చిలో ఒక్కసారే పాడారు. పల్లవి, మొదటి చరణం ఉన్నాయి, రెండో చరణం దగ్గర తెగిపోయింది. రెండో చరణం రాగం వేరే. ఎలా వేరేనో మాలో ఒక్కరికీ గుర్తులేదు.

ఇంకేం దాస్తాం, నలుగురం కలిసి ఆవిడింటికి వెళ్లాం. దారి పొడవునా ఎవరు చెప్పాలి, ఎలా చెప్పాలి అని కార్లో ఒకటే గుసగుసలు. రూతమ్మగారు తలుపు తీసి మమ్మల్ని వరసగా చూశారు. నేను గొంతు సవరించుకున్నాను.

"అక్కా, సైట్‌లో మీ పాటలు..."

"పోయాయిగా" అన్నారు బొంగురు గొంతుతో. "రెండు వారాల్నించీ మోగట్లేదు. రోజూ నొక్కి చూస్తున్నా. అడిగితే మీరంతా బాధపడతారని ఊరుకున్నాను."

ఓరి దేవుడా, నాలుగో మంచిమనిషి!  ఆవిడ ఆ రెండు వారాలూ ఒంటరిగా ఆ పేజీ ముందు కూర్చుని ఉంటారు. గబగబా లాప్‌టాప్ తెరిచి సోఫా ముందు పెట్టాను. మొదటి పాట నొక్కాను.

ఆవిడ పాత గొంతు, ఆ గుండ్రటి గొంతు, గదంతా నిండింది. రూతమ్మగారు కళ్లు మూసుకున్నారు. కన్నీళ్లు కారుతున్నాయి, తుడుచుకోలేదు. వేళ్లు మాత్రం మోకాలి మీద తాళం వేస్తున్నాయి. ఒకటి, రెండు, మూడు పాటలు.  చివరి పాట వచ్చింది. పల్లవి అయింది, మొదటి చరణం అయింది, ఠక్కున ఆగింది.

"మిగతాది?" అన్నారు కళ్లు తెరిచి.

"అక్కడిదాకే దొరికిందక్కా. మేం ఎంత ప్రయత్నించినా..."

జాన్ గారికి తప్పు దిద్దుకోవాలన్న ఆత్రం. "నాకు గుర్తున్నట్టే ఉందమ్మా" అంటూ బల్ల మీదున్న పాట కాగితం అందుకుని రెండో చరణం ఎత్తుకున్నారు. మనిషి బంగారం, గొంతే బొత్తిగా బాగుండదు. మొదటి లైను మొదటి చరణం లాగే పాడారు. రెండో లైను మరేదో పాటలాగా పాడారు. మూడో లైనుకి వచ్చేసరికి రూతమ్మగారి కనుబొమలు ముడిపడ్డాయి. చేత్తో వద్దని ఊపారు. ఆయన కళ్లు మూసుకుని పాడుతున్నారు, చూడలేదు.

నేను మెల్లగా ఫోన్ తీసి రికార్డింగ్ నొక్కాను. ఎందుకు నొక్కానంటే చెప్పలేను. అన్నేళ్లు చేసిన పని అలవాటేమో.

"ఆపండీ!" అని గసిరారు రూతమ్మగారు. "ఏం పాటండీ అది? నా పాటని అలా ఖూనీ చేస్తారా? అక్కడ పైకి వెళ్లాలి. విత్తనం మంచులోంచి పైకి రావాలా, మీలాగా కిందికి పోవాలా? ఇలా!"

ఎత్తుకున్నారు.

గొంతు బొంగురే. పై స్వరం దగ్గర గీసుకుపోయింది, ఒకచోట గాలి మాత్రమే వచ్చింది. ఆవిడ ఆగలేదు. జాన్ గారికి సరిగ్గా నేర్పాలన్న కోపంలో చరణమంతా పాడారు, పల్లవికి వచ్చారు, మళ్లీ ఆ పై స్వరం దగ్గరికి వచ్చి, "విన్నారా?" అని ఆయన్ని గద్దించి, ఇంకోసారి పాడారు. తాను పాడుతున్నానన్న సంగతి ఆవిడకి అప్పటికింకా తెలియదు. శిరీష నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.  జాన్ గారు తలొంచుకుని, బుద్ధిగా, ఆవిడ వెనకే ఒక్కొక్క లైను సరిగ్గా పాడారు.

ఆ రాత్రే నా ఫోన్‌లోని రికార్డింగుని కిశోర్ ఆ సగం పాటకి అతికించి సైట్‌లో దాని చోట పెట్టాడు. ఇప్పుడు సైట్‌లో ఆ పాట నొక్కితే, మొదటి సగం పాత గొంతు వినబడుతుంది. తర్వాత జాన్ గారి రాగం, దాని మీద రూతమ్మగారి తిట్టు, ఆ తర్వాత ఆవిడ కొత్త గొంతుతో రెండో చరణం వస్తాయి. తిట్టు కత్తిరించమంటారా అక్కా అని అడిగాను. "ఉండనీ, లేకపోతే పై స్వరం ఎక్కడ మొదలవుతుందో ఎవరికీ తెలీదు" అన్నారు.